పెదవి దాటీ దాటని మొర

సణుగుడు అంటే అసంతృప్తిని బయటికి చెప్పేయకుండా, అలాగని మింగేయకుండా, పక్కవాళ్ళ చెవిన పడేటట్టు నోట్లోనే నలిపే మాట. అందులో కోపం ఉంటుంది గానీ కేక ఉండదు. ఎవరిమీద కోపమో వాళ్ళ ముఖం చూసి అనే ధైర్యమో, హక్కో, ఓపికో లేనప్పుడు మాట ఈ రూపం తీసుకుంటుంది. తెలుగిళ్ళలో రోజూ వినిపించే ఈ మాటతీరుకు భాషలో ఎన్నో పేర్లున్నాయి. వాటిని వాడే పద్ధతిలో ఇంటి సంగతులూ, ఊరి సంగతులూ, పెద్దా చిన్నా తేడాలూ దాగి ఉన్నాయి.

నిఘంటువులు సణుగుకు గొణుగు అనీ, గొణుగుకు సణుగు అనీ అర్థమిచ్చి సరిపెడతాయి. వాడుకలో రెండూ ఒకటి కావు. గొణుగుడు తనలో తాను అనుకునేది. ఎవరూ లేని గదిలో కూడా మనిషి గొణుక్కోగలడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో గుర్తురాని తాత గొణుక్కుంటూ గూళ్ళన్నీ వెతుకుతాడు. గొణుగుడులో ఫిర్యాదు ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. పాఠం రాని పిల్లవాడు జవాబును గొణుగుతాడు, అక్కడున్నది భయమే. సణుగుడుకు మాత్రం వినేవాళ్ళు కావాలి. పక్క గదిలోనో, వసారాలోనో ఒకరున్నప్పుడే మనిషి సణుగుతాడు. మాటలన్నీ స్పష్టంగా అందనక్కర్లేదు, మనసు బాగాలేదని అందితే చాలు. ఇక నసుగుడు వేరే జాతి. చేబదులు అడిగితే అవుననకుండా, కాదనకుండా నసిగేవాడికి ఎవరిమీదా ఫిర్యాదు లేదు, ఇవ్వడం ఇష్టం లేదంతే. మూడూ ఒకే తీరుగా వినిపించడం వల్ల రాతలో ఒకదాని చోట మరొకటి వచ్చేస్తుంటుంది. మాట్లాడేవాళ్ళు మాత్రం అరుదుగా పొరబడతారు.

ధ్వనిలోనే ఉన్న ముడుపు

గొణుగు, సణుగు అనే మాటల్లో నడిమి హల్లు ణకారం. నాలుక కొనను పైకి మడిచి అంగిలికి ఆనిస్తే గాలి ముక్కు దారిన పోతుంది. పెదవులు పెద్దగా తెరవకుండానే ఈ మాటలు పలకవచ్చు. సణిగే మనిషి నోరు కూడా సరిగ్గా అట్లాగే ఉంటుంది. ఇదే అల్లికలో తెలుగుకు ఇంకొన్ని క్రియలున్నాయి: వణుకు, తొణుకు, మిణుకు, అణగు. వణుకు చిన్న కదలిక. తొణికేది అంచు దాటే కాసిని నీళ్ళు. మిణుకుమనేది నిలవని వెలుగు. అణగడమంటే పైకి లేవకపోవడం. వీటన్నిటికీ ఒకే మూలమని చెప్పే వీలు లేదు గానీ, బయటపడీ పడని స్వభావం అన్నింటిలోనూ వినపడుతుంది.

ధ్వనిని పట్టి మాట చేసుకోవడం ద్రావిడ భాషలకు బాగా అలవాటు. భారతదేశపు భాషలు కుటుంబాలు వేరైనా ఈ విషయంలో ఒకే దారిలో నడుస్తాయని భాషావేత్త ముర్రే ఎమెనో 1969లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో నిరూపించాడు. చిరాకు విషయంలో తెలుగు ఈ సంపదను ధారాళంగా వాడుకుంది. నూనెలో పోపు గింజ పేలే చప్పుడు నుంచి చిటపటలాడటం వచ్చింది. పాము ఊపిరి నుంచి బుసబుసలు వచ్చాయి. రుసరుసలాడటంలో మాట కన్నా నడక ఎక్కువ. ఆ మనిషి గదిలోంచి విసురుగా వెళ్ళిపోతున్నట్టు ఉంటుంది. కస్సుబుస్సు ఎదుటివాడిమీద పడుతుంది, చిర్రుబుర్రు ఎవరి మీదైనా పడుతుంది. గొణగొణ మాత్రం ఎవరిమీదా పడదు, అలా సాగుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల సణుగుడుకు పెట్టుకున్న పేర్లు ఇలా చప్పుడు నుంచి వచ్చినవే. జపాను వాళ్ళు బుత్సుబుత్సు అంటారు. లాటిన్‌లో అది మర్మర్.

మూడు భాషల కూడలిలో

చిత్తూరు ప్రాంతంలో ఈ మాటలు వినడానికి ప్రత్యేకంగా ఉంటాయి. "ఏందిరా సణగతా ఉండావు", "ఊరికే సణగబాక", "ఆయమ్మ పొద్దన్నించీ సణగతానే ఉండాది" అనే వాక్యాల్లో క్రియ మధ్య అక్షరం ఉకారం నుంచి అకారానికి మారుతుంది. సాగుతున్న పనిని చెప్పే 'తా ఉండు', వద్దని చెప్పే 'బాక' ఇక్కడి పలుకుబడికి గుర్తులు. 'సణగతా ఉండాది' అన్నప్పుడు, 'సణుగుతోంది' అన్నప్పటి కన్నా ఆ పని ఎక్కువసేపు సాగుతున్నట్టు చెవికి తోస్తుంది. సణుగుడులో ముఖ్య లక్షణం ఎడతెగకపోవడమే కాబట్టి, ఈ మాండలికం దానికి బాగా నప్పింది.

చిత్తూరు ఊరు ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ విడివడి తిరుపతి, అన్నమయ్య జిల్లాలకు చోటిచ్చింది. గీతలు ఎన్నిసార్లు మారినా నగరి, పుత్తూరు వైపు తమిళం, కుప్పం, పుంగనూరు వైపు కన్నడం, తమిళం తెలుగుతో కలిసి బతుకుతూనే ఉన్నాయి. కన్నడంలో సణుగుడుకు మాట 'గొణగు'. మన గొణుగుకు అది ఎంత దగ్గరిదో చెప్పక్కర్లేదు. తమిళంలో పెద్దవాళ్ళ గొణుగుడు 'ముణుముణు' అయితే, పిల్లలు ముక్కుతో రాగం తీసే ఏడుపు 'సిణుంగు'. దీనికి తెలుగులో ఒక్క మాటలో సరిజోడు దొరకదు. మారాం చేయడం, పేచీ పెట్టడం, రాగాలు తీయడం అని పక్కదారిన చెప్పుకోవాలి.

ఈ మూడు భాషల చూపు ఒక చిన్న మొక్క దగ్గర చక్కగా విడిపోతుంది. చెయ్యి తగలగానే ఆకులు ముడుచుకునే మొక్కను తమిళులు 'తొట్టాసిణుంగి' అంటారు, అంటే తాకితే ముక్కుతో ఏడ్చేది. కన్నడిగులు 'ముట్టిదరె ముని' అంటారు, అంటే ముట్టుకుంటే అలిగేది. తెలుగులో అత్తిపత్తి అనే పేరుతో పాటు సిగ్గాకు అనే పేరుంది. ఒకే ఆకు ఒకరికి ఏడ్చింది, ఒకరికి అలిగింది, ఒకరికి సిగ్గుపడింది. కుప్పం పొలాల్లో తిరిగే పిల్లలకు ఈ మూడు పేర్లూ చెవిన పడే అవకాశముంది.

అలక నుంచి పోరు దాకా

సణుగుడు పక్కనే నిలబడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ప్రతిదానికీ ఎవరు ఎవరిని అనవచ్చో ఒక లెక్క ఉంది.

అలక అన్నిటికన్నా గౌరవం దక్కించుకున్నది. తీర్చేవాళ్ళు ఉన్నారన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా అలుగుతారు. కొత్తల్లుడు పండక్కి అలుగుతాడు, ఆ అలకకు కానుక సిద్ధంగా ఉంటుంది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ అలక కావ్యానికే ప్రాణమైంది. నిష్ఠూరం దాని తర్వాతిది. సంస్కృతంలో ఈ మాటకు కఠినం, క్రూరం అని అర్థం. తెలుగింట్లోకి వచ్చేసరికి అది మెత్తబడింది. దగ్గరివాళ్ళు దూరంగా ప్రవర్తించారని చెప్పుకునే బాధ అయింది. "ఊళ్ళోకి వచ్చి ఇంటికి రాకుండా పోయినావంటనే" అని పిన్నమ్మ అంటే అది నిష్ఠూరం. పరాయివాళ్ళ మీద ఎవరూ నిష్ఠూరమాడరు. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు అనే సామెతలో ఇంకో అనుభవం ఉంది: చివర్లో తెగిపోవడం కన్నా మొదట్లోనే మొహమాటం విడిచి చెప్పుకోవడం మంచిదని. సణుగుడు సరిగ్గా ఆ ఆది నిష్ఠూరం జరగని చోట మొదలవుతుంది.

దెప్పిపొడుపు జ్ఞాపకశక్తితో పనిచేస్తుంది. ఎప్పుడో చేసిన మేలునో, ఎదుటివాళ్ళు చేసిన తప్పునో తవ్వి తీసి పొడవడం అది. ఎత్తిపొడుపుకు పాత సంగతి అక్కర్లేదు, ఇప్పటి మాటనే తిప్పికొట్టవచ్చు. సాధింపు అన్నిటికన్నా బరువైనది. సాధించడం అంటే మామూలుగా నెగ్గడం. ఇంట్లో మాత్రం అది చేతిలో పెత్తనం ఉన్నవాళ్ళు లేనివాళ్ళను రోజూ మాటలతో కాల్చుకు తినడం. అత్త కోడలిని సాధిస్తుంది. కోడలు అత్త మీద సణుగుతుందే తప్ప ఆమెను సాధించలేదు, ఇంటి తాళాలు చేతికి వచ్చేదాకా. పోరు పట్టు విడవనిది. పోరు పెట్టేవాళ్ళకు ఒక కోరిక ఉంటుంది, అది తీరితే పోరు ఆగుతుంది. సణుగుడుకు అలాంటి హద్దు లేదు. చాలాసార్లు సణిగే మనిషికే తనకు ఏం కావాలో తెలియదు, తెలిసినా ఇస్తారన్న ఆశ లేదు.

ఎవరిది సణుగుడు

ఈ మాటను వాడే తీరులో ఒక అన్యాయం ఉంది. 'సణుగు' క్రియ ఉత్తమ పురుషలో దాదాపు వినపడదు. "నేను సణిగాను" అని ఎవరూ చెప్పుకోరు. చెప్పాను, బాధపడ్డాను, అడిగాను అంటారు. సణిగేది ఎప్పుడూ నువ్వో, వాడో, ఆమో. గౌరవవాచకంతో కూడా ఈ క్రియ సులభంగా అతకదు. మామగారు సణిగారని కోడలు పైకి అనదు, ఆయనకు కోపం వచ్చిందంటుంది. కార్యాలయంలో పై అధికారి అసహనం వ్యక్తం చేస్తారు, మంత్రి ఆగ్రహిస్తారు, గుమాస్తా సణుగుతాడు. చెప్పిన విషయం మూడు చోట్లా ఒకటే అయినా మాట మాత్రం పీటను బట్టి మారుతుంది. "సణగకుండా పని చెయ్" అనే వాక్యం కింది నుంచి పైకి ఎన్నడూ పోదు.

అందుచేత ఒక మనిషి మాటను సణుగుడు అని పేరు పెట్టడమే దాన్ని కొట్టిపారేయడం. పేరు పెట్టాక విషయం వినక్కర్లేదు. నాలుగు గంటలకు లేచి వాకిలి ఊడ్చి, పశువులకు మేత వేసి, పిల్లలకు క్యారియర్లు కట్టి, పొలానికి పోయి వచ్చి, మళ్ళీ పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి "ఈ కొంపలో నా ఒళ్ళు ఏమైనా ఎవరికీ పట్టదు" అంటే అది చాకిరీ లెక్క. దాన్ని ఇల్లంతా సణుగుడుగా వింటుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అనే సామెత కూడా ఈ స్థితిలోంచే వచ్చింది. దుత్త అంటే చిన్న కుండ. అత్తను ఏమీ అనలేని కోడలికి ఆ వంటింట్లో అనగలిగింది దాన్నే. సామెతను నవ్వుతూ చెప్పుకుంటారు గానీ, అందులో ఉన్నది ఒక మనిషి నోరు కట్టేసిన సంగతి.

ముసలివాళ్ళ సణుగుడుకు మరో కారణం ఉంది. బిడ్డలు బెంగళూరుకో చెన్నైకో పనికి పోయి, ఇంట్లో ఇద్దరే మిగిలిన ఊళ్ళు చిత్తూరు సీమలో చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పి, చప్పిడి కూడు, చెవిన పడని ఫోను, రాని పింఛను అన్నీ సణుగుడులోకి వస్తాయి. వాళ్ళు అడుగుతున్నది చాలాసార్లు మందు కాదు, వినే మనిషి. పక్కన కూర్చుని "ఏం తాతా, ఎట్లుండాది ఒళ్ళు" అంటే సణుగుడు పలచబడి కబురుగా మారిపోవడం ఎవరైనా గమనించవచ్చు.

సినిమా ఈ మాటకు ఒక ముఖం ఇచ్చింది. 1962 నాటి గుండమ్మ కథలో సూర్యకాంతం వేసిన గుండమ్మ తెలుగునాట గయ్యాళి అత్తకు మారుపేరయింది. ఎడమచెయ్యి తిప్పుతూ, మూతి విరుస్తూ, తనలో అనుకుంటున్నట్టు మొదలుపెట్టి వీధి చివరికి వినపడేటట్టు ముగించే ఆమె పలుకు గొప్ప నటన. 1924లో పుట్టి 1994లో పోయిన ఆ నటి పేరును పిల్లలకు పెట్టడానికి జనం వెనకాడారని చెప్పుకోవడం ఆ ప్రతిభకు దక్కిన మెప్పే. కానీ దాని వెనుక ఒక నష్టం కూడా ఉంది. సణుగుడు అనగానే అత్త గుర్తుకు రావడం మొదలైంది. అసలు ఎక్కువ సణగవలసి వచ్చినవాళ్ళు, కోడళ్ళూ, పాలేర్లూ, పిల్లలూ, తెర మీద కంటనీరు పెట్టుకున్నారే తప్ప సణగలేదు.

దేవుడి ముందు, గంగమ్మ ముందు

మనిషి ముందు నోరు మెదపని చోట తెలుగువాళ్ళు దేవుడి ముందు గట్టిగానే అడిగారు. నిందాస్తుతి అనే ఒక ప్రక్రియే ఇందుకు పుట్టింది. గోల్కొండ చెరలో ఉన్న కంచర్ల గోపన్న రాముడిని ఖర్చు లెక్కలతో నిలదీశాడు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం నిండా శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ఎత్తిపొడిచాడు. తిరుమల ఆలయంలో రాగిరేకుల మీద నిలిచిన అన్నమయ్య (1408–1503) శృంగార సంకీర్తనల్లో నాయిక స్వామిని నిష్ఠూరమాడటం పదేపదే వస్తుంది. ఇవన్నీ నోరారా అన్న మాటలు. సణుగుడుకు లేని గౌరవం వీటికి ఉంది, ఎందుకంటే ఎదుట ఉన్నవాడు వింటాడన్న నమ్మకంతో అన్నవి ఇవి.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఇంకా ముందుకు పోతారు. మే నెలలో వారం రోజులు సాగే ఈ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు వేస్తారు. కొన్ని వేషాల్లో ఎదురైనవాళ్ళను బూతులు తిట్టడం ఆచారం. ఆడవాళ్ళను చెరిచిన పాలెగాడు భయపడి దాక్కుంటే, వాడిని బయటికి లాగడానికి గంగమ్మ వేషాలు మార్చిందని కథ. ఏడాదంతా అణచుకున్న నోటికి ఊరు కొన్ని రోజులు సెలవిచ్చింది. ఆ రోజుల్లో తిట్టు తినడం కూడా మొక్కే. గొణుగుడుకు చోటు లేని పండగ అది.

ట్రాక్టర్ల వరుసలో

సణుగుడు ఎప్పుడు మొరగా మారుతుందో చిత్తూరు జిల్లా 2025 మామిడి కాలంలో చూసింది. తోతాపురి కాయ కోతకు వచ్చింది, ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కాయ పండి కారుతుంటే రైతులు లోపలికి పోయే వంతు కోసం రోజుల తరబడి కాచుకున్నారు. అలాంటి వరుసలో పుట్టేది మొదట గొణుగుడే. టోకెను ఎవరికి ముందు ఇచ్చారు, తూకంలో ఎంత కోస్తారు అని పక్క బండివాడితో అనుకునే మాట అది. అదే మాట పదిమంది నోట పడితే సణుగుడు, వందమంది నోట పడితే రోడ్డు మీద బైఠాయింపు. కొందరు కాయను రోడ్డు పక్కన పారబోశారు. చివరికి కిలోకు 12 రూపాయలు అందేటట్టు, ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయం వచ్చింది. ఆ ధర చాలిందా లేదా అన్నది వేరే చర్చ. ఒంటరిగా నోట్లో నలిగిన మాట కలిసి పలికేసరికి దానికి అంకె వచ్చింది, జవాబు చెప్పవలసినవాడు వచ్చాడు.

పాలనలో ఈ మాటలకు వేరే పేర్లున్నాయి. ఫిర్యాదు పారశీకం నుంచి వచ్చింది, అర్జీ కూడా ఆ దారినే కచేరీల్లోకి చేరింది. మొర మనది. సోమవారాల్లో కలెక్టరేట్లలో జరిగే అర్జీల కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ వచ్చింది. పేరు ఏదైనా దాని పని సణుగుడుకు ఒక కాగితమూ, ఒక నంబరూ ఇవ్వడం. తిరుమలలో 'డయల్ యువర్ ఈఓ' పేరుతో దేవస్థానం కార్యనిర్వహణాధికారి భక్తుల ఫోన్లు స్వయంగా విన్న కార్యక్రమం కూడా ఇటువంటిదే. దర్శనం కోసం క్యూ కంపార్ట్‌మెంట్లో గంటల తరబడి కూర్చున్న భక్తుడి గొణుగుడు గోడ దాటడానికి అదొక దారి. ఇలాంటి దారులు పనిచేస్తున్నంతవరకూ సణుగుడు తగ్గుతుంది. అర్జీ ఇచ్చినా జవాబు రాకపోతే అది ఇంకా ఎక్కువై ఇంటికి తిరిగి వస్తుంది.

రాతలోకి వచ్చిన నోరు

పాత కావ్యాలు అలకకు పట్టం కట్టాయి గానీ సణుగుడును గడప లోపలికి రానివ్వలేదు. వాడుక భాషలో వచనం వచ్చాకే, అందులోనూ ఊరి పలుకు రాతలోకి దిగాకే దానికి చోటు దొరికింది. ఈ విషయంలో చిత్తూరు రచయితల పాత్ర పెద్దది. 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన మధురాంతకం రాజారాం బడిపంతుళ్ళ, చిన్న రైతుల మనసులో మెదిలే అసంతృప్తిని నెమ్మదైన వచనంలో పట్టుకున్నారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పచ్చనాకు సాక్షిగా, సినబ్బ కతలు, మిట్టూరోడి కతలతో తల్లుల నోరును, అవ్వల నోరును ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టారు. తిట్టూ, సణుగుడూ, ప్రేమా ఒకే ఊపిరిలో వచ్చే ఆ పలుకును ఎవరూ శుద్ధి చేయకపోవడమే ఆ కథల బలం. అమ్మ సణుగుతున్నప్పుడు ఆమె ఇల్లు ఎట్లా గడుపుతున్నదో పాఠకుడికి తెలుస్తుంది. తెలుగు కథకు అది చిన్న లాభం కాదు.

నిఘంటువుల పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో మాండలిక వృత్తి పదకోశాలు వచ్చాయి. నాగలి భాగాలకూ మగ్గం భాగాలకూ ఊరూరా ఉన్న పేర్లు అలా దక్కాయి. ఇంట్లో మనుషులు ఒకరినొకరు అనుకునే మాటలకు, విసుక్కోవడానికీ సణగడానికీ అలగడానికీ ఊరూరా ఉన్న పేర్లకు, అంతటి శ్రద్ధ దక్కాలి. ఈ పనికి చిత్తూరు సీమ కన్నా అనువైన చోటు లేదు. తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పుట్టింది. అక్కడి తెలుగు, తమిళ, కన్నడ విద్యార్థులు ఎవరి ఊళ్ళో వాళ్ళు అవ్వల పక్కన కూర్చుని ఈ మాటలు రాసుకు రావాలి. ఇళ్ళలో ఉన్నవాళ్ళు కూడా పెద్దవాళ్ళ నోట వినే మాటలను, అవి ఏ సందర్భంలో ఎవరి మీద అన్నవో కలిపి ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టాలి. ఈ మాటలు తెలిసిన తరానికి ఇప్పుడు ఎనభై ఏళ్ళు దాటుతున్నాయి.